విప్పి కుట్టిన అంగీ

1994లో నేను బహ్రెయిన్‌లోని సిత్రాలో ఒక టైలరింగ్ షాపులో పనిచేసేవాణ్ణి. ఆరు మిషన్లు, ఒక కటింగ్ టేబుల్, గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన ప్యాటర్న్‌లు. ప్యాటర్న్ అంటే బట్ట మీద పెట్టి గీత గీసుకోవడానికి అట్టతో కోసుకున్న నమూనా. రిఫైనరీ కాంట్రాక్టర్ల మనుషులకి కవరాల్స్ కుట్టడం మా పని. కవరాల్ అంటే మెడ నుంచి మడమల దాకా ఒకటే తొడుగు. నాజూకు పనికి మా దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు.

అలాంటి షాపుకి ఒక ఉదయం అరవై ఏళ్ల తెల్లావిడ వచ్చింది. పేరు దెస్పినా. భర్త ఓడల మరమ్మతు యార్డులో ఇంజనీరు. బహ్రెయిన్‌లో ఉన్న కొద్దిపాటి గ్రీకు కుటుంబాల సంఘానికి ఆవిడే పెద్ద. శుక్రవారాలు తన ఇంట్లోనే పిల్లలకి వాళ్ల భాష, వాళ్ల నాట్యాలు నేర్పేదట. చేతిలో దుప్పట్లో చుట్టిన మూట ఉంది.

మూట విప్పి టేబుల్ మీద ఒక పొడుగు అంగీ పరిచింది. లేత గోధుమరంగు నేత బట్ట. చేతులకీ కింది అంచుకీ ఎర్రదారంతో దట్టమైన కుట్టుపని. వాళ్ల నాయనమ్మ శరణార్థిగా సొంత ఊరు వదిలి పడవెక్కిన రోజు ఒంటి మీదున్నది అదేనట.

"ఇలాంటివి ఎనిమిది కావాలి, మా ఆడపిల్లలకి," అంది. "మనామా బజారులో నాలుగు షాపులు తిరిగాను. అందరూ వద్దన్నారు."

మూడు వారాల్లో ఒక క్లబ్బులో విదేశీయుల వేడుక ఉంది. యూరప్ వాళ్లంతా ఒకేరకం గౌన్లు వేసుకుని కలిసి ఆడాలని క్లబ్బు కమిటీ కాగితం పంపింది. ఆ కాగితం కూడా ఆవిడ మాకు చూపించింది. "మా పిల్లలు మా బట్టల్లో ఆడతారు. లేకపోతే ఆడరు," అంది.

మా కటింగ్ మాస్టర్ ఖాదర్ భాయ్ కడప మనిషి. నన్ను పక్కకి లాగాడు. "మనకెందుకప్పా ఇది? ముట్టుకుంటే చినిగేట్టుంది. రేపు జవాబు ఎవరు చెప్పాల?"

నేనప్పటికే బట్టని వేళ్ల మధ్య పట్టుకుని చూస్తున్నాను. మా నాన్న చీరాల దగ్గర మగ్గం నేసేవాడు. అది చేనేత అని చెయ్యి పెట్టగానే తెలిసింది. "నేను చేస్తాను మేడం," అన్నాను.

మొదట ఒకటి కుట్టాం. ఆ అంగీకి లోపల ఎవరో తర్వాతి రోజుల్లో మందపు లైనింగ్ వేసి కుట్టేశారు. అందువల్ల లోపలి ముక్కలు ఎలా కలిశాయో కనపడలేదు. పైనుంచి కొలతలు తీసి, ఖాదర్ భాయ్ చొక్కాకి కోసినట్టే చంక దగ్గర గుండ్రంగా కోశాడు. చూడ్డానికి అచ్చం అలాగే ఉంది.

ట్రయల్‌కి దెస్పినా పదేళ్ల పిల్లని తీసుకొచ్చింది. వాళ్ల నాట్యంలో ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఆడతారు. ఆ పిల్ల చేతులెత్తగానే అంగీ మొత్తం పైకి లేచి మోకాళ్ల దాకా వచ్చేసింది. పిల్ల నవ్వింది. దెస్పినా నవ్వలేదు.

ఆరోజు సంఘం కార్యదర్శి నికోస్ కూడా వెంట వచ్చాడు. "చాలు దెస్పినా. క్లబ్బు వాళ్లు చెప్పిన గౌన్లు కొనేద్దాం. ఈ పిల్లలు ఇక్కడే పుట్టారు, వాళ్లకి తేడా తెలుస్తుందా?" అన్నాడు.

ఆవిడ పాత అంగీని టేబుల్ మీద పరిచింది. నా వైపు తిరిగింది. "మాస్టర్, లోపల ఎలా ఉందో తెలియాలంటే ఏం చెయ్యాలి?"

"కుట్లు విప్పాలి మేడం. కానీ పాత దారం, పాత బట్ట. చినగదని మాటివ్వలేను."

"విప్పండి."

నికోస్ ముఖం ఎర్రబడింది. "నీకు మతి పోయిందా? మనందరికీ మిగిలింది ఇదొక్కటే! దీన్ని మ్యూజియంకి ఇవ్వాలి!"

"ముప్పై ఏళ్లు పెట్టెలో పెట్టాను," అందావిడ. "ఒక్క పిల్లకైనా ఇదేమిటో తెలిసిందా? మ్యూజియంలో పెడితే అద్దం వెనక ఇంకో పెట్టె. విప్పండి మాస్టర్."

రిప్పర్ తీసుకున్నాను. కుట్టు కింద దూర్చి దారం తెంపే చిన్న కొక్కెం అది. కింది అంచు నుంచి ఒక్కొక్క కుట్టే తెంపుకుంటూ వచ్చాను. అంగీ ఎడమ చేతి దగ్గర బట్ట సన్నగా చిట్లింది. ఆగిపోయి తలెత్తాను. నికోస్ బయటికి నడిచాడు. "ఆపొద్దు," అందావిడ.

లైనింగ్ ఊడొచ్చాక నాకు నవ్వొచ్చింది, సంతోషంతో. ఎక్కడా ఒక్క వంపు లేదు! మగ్గం పన్నా, అంటే నేసే బట్ట వెడల్పు, తక్కువ కాబట్టి, బట్ట వృథా పోకుండా అన్నీ నిలువు ముక్కలే కోశారు. చంక కింద అరచేతంత చదరపు ముక్క ఏటవాలుగా పెట్టారు. దాన్ని గసెట్ అంటారు. చెయ్యి ఎత్తితే అది విచ్చుకుంటుంది, అంగీ కదలదు. నేసిన బట్టలో బెత్తెడు వృథా అయినా ఊరుకోని మనిషి కోసిన కోత అది. మా నాన్న చూస్తే ఒక్క క్షణంలో చెప్పేవాడు.

వీపు దగ్గర లైనింగ్ కింద ఒక మాసిక కూడా ఉంది. పిండి గోనె ముక్క. దాని మీద ఏవో అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. దెస్పినా ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. "శరణార్థుల క్యాంపులో నాయనమ్మ వాళ్లకి పిండి ఇచ్చేవాళ్లట," అంది. "ఈ మాసిక తియ్యకండి."

తీయలేదు. ఆ అంగీని మళ్లీ ఉన్నదున్నట్టు కుట్టి ఇచ్చాను, లైనింగ్ మాత్రం వద్దంది. ఎనిమిది కొత్తవి మేం కోసి కుడితే, ఎర్రదారం పని సంఘంలోని తల్లులు వంతులు వేసుకుని చేశారు. ఖాదర్ భాయ్ రోజూ సణిగాడు. గసెట్‌లు మాత్రం తనే కోశాడు, ఇంకొకర్ని ముట్టుకోనివ్వలేదు.

వేడుక రోజు నన్నూ రమ్మంది. వెళ్లేసరికి గేటు దగ్గర గొడవ. ఒకేరకం గౌన్లు లేవు కాబట్టి స్టేజీ ఇచ్చేది లేదని కమిటీ మనిషి అంటున్నాడు. "వచ్చే ఏడాది చూద్దాం మేడం. ఈసారికి సర్దుకోండి."

"సర్దుకోం," అంది దెస్పినా. "స్టేజీ మీరే ఉంచుకోండి."

పిల్లల్ని కార్లు పెట్టే చోటికి నడిపించింది. ఒకతను కారు తలుపులు తెరిచి క్యాసెట్ పెట్టాడు. చూస్తే, నికోస్! ఎనిమిది మంది ఆడపిల్లలు కాంక్రీటు మీద వరసగా నిలబడి, భుజాల మీద చేతులు వేసుకుని మొదలుపెట్టారు. లోపలి నుంచి జనం ఒక్కొక్కరే బయటికి వచ్చారు. నేను పాట వినలేదు, పిల్లల ముఖాలూ చూడలేదు. మడమల దగ్గర అంచులే చూస్తూ నిలబడ్డాను. ఒక్కటీ లేవలేదు.

ఇప్పుడు నాకు ఒంగోలులో సొంత షాపు ఉంది. అమ్మమ్మ జాకెట్టో, తాతగారి కోటో తెచ్చి, పాడైపోతుందేమోనని నా చేతికివ్వడానికే భయపడే వాళ్లు వస్తుంటారు. బహ్రెయిన్ వెళ్లకముందు నేనూ అలాంటివి తిప్పి పంపేవాణ్ణి. ఇప్పుడు ఒకటే అడుగుతాను: "పెట్టెలోకా, ఒంటికా?" "ఒంటికే" అంటే రిప్పర్ తీస్తాను.