పెద్దబాపు చేసిన గిటారు

మొన్న మంగళవారం సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. మా బాపుకు అన్న, నేను పెద్దబాపు అని పిలిచే మనిషి, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదట. కోరుట్లలో బస్సెక్కి కూర్చున్నాక కూడా నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆయన మొదట చేనేత మగ్గం నేశాడు, తరువాత మరమగ్గాలు నడిపాడు. ఆ చప్పుడు ఆయన చెవులను తినేసింది. ఎవరేం మాట్లాడినా తలూపి నవ్వేవాడు. అలాంటి మనిషి, నేను గిటారు కొనుక్కుంటానంటే అడ్డం పడ్డాడు.

“కొనుడెందుకు బిడ్డా? ఇంట్ల గింత కట్టె ఉంది, నేను జేస్త.”

“ఇనవడని మనిషికి గిటారు పనా?” అని పెద్దమ్మ దెప్పింది. ఆ మాట మాత్రం ఎలా వినబడిందో! “జేసినంక ఇనవడ్తదేమో సూద్దాం తియ్యి” అన్నాడు. ఆయనకు నిజంగా కావలసింది అదేనని నాకు అప్పుడే అర్థమైంది.

విప్పి అటకెక్కించిన పాత మగ్గం టేకు కర్రతో గిటారు మెడ చేశాడు. జగిత్యాల సామిల్లులో పలచటి చెక్కలు కోయించుకొచ్చి, నానబెట్టి, పొయ్యి మీద కాల్చిన ఇనుప గొట్టానికి ఒత్తుతూ వంచాడు. కొన్ని విరిగాయి. వంటకు పొయ్యి దొరకడం లేదని పెద్దమ్మ ఎంత గొడవ చేసినా ఆయనకు వినబడలేదు, లేదా వినబడనట్టు ఉన్నాడు.

తీగలు కట్టిన రోజు నేనూ ఉన్నాను. నేతపని అలవాటు ఎక్కడికి పోతుంది? పడుగు పోగుల్లాగే ఆరు తీగలనూ వేలితో నొక్కి చూస్తూ, అన్నింటినీ ఒకే బిగువుకు తెచ్చాడు. సన్న తీగ ఠప్పున తెగింది. నేను అయ్యో అనేలోపే ఆయన వేళ్లు రెండు కొసలనూ పట్టుకుని ముడి వేయబోయాయి.

“గిది పోగు గాదు పెద్దబాపూ!” అని చెవి దగ్గర అరిచాను.

“తెగితే అతుకుడే తెలుసు బిడ్డా నాకు” అని పడీపడీ నవ్వాడు.

కొత్త తీగ వేసి, ఫోన్‌లో చూస్తూ శ్రుతి చేసి, వాయించాను. కాస్త బొంగురు గొంతు దానిది, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆయన నా వేళ్ల వంకే చూస్తున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాసేపటికి దగ్గరికి జరిగి, దవడను గిటారు పెట్టెకు ఆనించి, “ఇప్పుడు కొట్టు” అన్నాడు. కొట్టాను. కళ్లు మూసుకున్నాడు.

“ఇనవడ్తాందే! నువ్వు గూడ రాయే” అని పెద్దమ్మను చెయ్యి పట్టి లాగాడు. చెవులు చక్కగా పనిచేసే పెద్దమ్మ, కసురుకుంటూనే వంగి, తన దవడ కూడా ఆనించింది. వాళ్లిద్దరి తలల మధ్య నా చెయ్యి ఆడడానికి చోటే లేదు.

“ఆపకు బిడ్డా” అన్నాడు పెద్దబాపు, కళ్లు తెరవకుండానే.