లిఫ్టులో రబ్బరు పడవ

మొన్న అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంట్ లిఫ్టు మూడో అంతస్తు దగ్గర ఒక్క కుదుపు కుదిపి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కిందికి దిగింది. పక్కనున్న దంపతులు ఫోన్లలోంచి తల కూడా ఎత్తలేదు. నేను మాత్రం గోడకున్న కమ్మీ పట్టుకుని పదిహేనేళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను.

అప్పటికి అమెరికాకీ, ఈ పార్సిప్పనీ ఊరికీ నేను కొత్త. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి పోతే, కారు నడపడం రాని నాకు ఆ ఇల్లే జైలు. మాట్లాడే దిక్కల్లా కింది అంతస్తులో ఒంటరిగా ఉండే, ఎనభై దాటిన అమెరికన్ పెద్దాయన. మన ఇళ్ళల్లో గడప దాటేవాళ్ళు ‘వెళ్తాను’ అంటే ఊరుకోరు కదా, ‘వెళ్ళొస్తాను’ అనాలి. నేనేమో దాన్ని నా టీచరమ్మ ఇంగ్లీషులోకి దించేసి, ఆయనతో మొదటిరోజే ‘ఐ విల్ గో అండ్ కమ్’ అన్నాను. అమ్మాయి తల పట్టుకుంది. "అమ్మా, ప్లీజ్! బై అంటే చాలు. అలా అంటే నువ్వు మళ్ళీ వస్తావని పాపం ఆయన వెయిట్ చేస్తాడు!" ఇంక నోరు మూసుకుని ‘బై’కి అలవాటు పడ్డాను.

ఓ మంచు మధ్యాహ్నం, కింద కొత్తగా దిగిన తెలుగువాళ్ళకి జంతికల డబ్బా పట్టుకెళ్తున్నాను. లిఫ్టులో ఆయనా ఉన్నారు. కరెంటు పోయి లిఫ్టు ఆగింది. గంట నొక్కితే, రోడ్లన్నీ మంచు, వస్తున్నాం, ఆగండి అని ఓ గొంతు చెప్పింది. గంట గడిచింది, రెండు గడిచాయి. ఏదో ఒకటి నమిలితే నయమని డబ్బా మూత తీశానో లేదో, ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. "నో సాల్ట్. నో వాటర్ హియర్." ఒళ్ళు మండిపోయింది. నా జంతికలు నేను తినడానికి ఈయన పర్మిషనా!

అప్పుడు చెప్పారు. యుద్ధంలో వాళ్ళ విమానం సముద్రంలో కూలిపోయిందట. రబ్బరు పడవలో ముగ్గురు, పదకొండు రోజులు. వాన పడితే చొక్కాలు తడిపి పిండుకుని తాగేవారట. రేడియో చూసే అతను దాహానికి ఆగలేక ఉప్పునీళ్ళు తాగేశాడు. తొమ్మిదో రోజున ‘ఐయామ్ గోయింగ్’ అని పడవలోంచి జారిపోయాడు. అతని చొక్కా చెయ్యి పట్టుకున్నది ఈయనే. ఉప్పుకి ఉబ్బిన వేళ్ళు నిలవలేదు. నేను గప్‌చుప్‌గా డబ్బా మూసేశాను.

చివరికి ఫైర్‌వాళ్ళు వచ్చి తలుపు విడదీశారు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయి ఉంది. పైన మనిషి దూరేంత సందు. ముందు నన్ను లాగబోతే, పెద్దాయన నా స్వెటర్ చెయ్యి పట్టేసుకున్నారు. ఫైర్‌వాళ్ళు బతిమాలారు, గట్టిగా చెప్పారు, ఊహూఁ, ఆయన వదల్లేదు. ఆ కళ్ళు లిఫ్టులో లేవు. నాకు అమ్మాయి నిషేధం ఎక్కడ గుర్తుంటుంది?

"వెళ్ళొస్తానండీ," అనేశాను. "ఐ విల్ గో అండ్ కమ్."

"అండ్ కమ్?" అన్నారాయన.

"అండ్ కమ్."

ఒక్కో వేలే వదిలింది. బయటపడగానే, చీరతోనే వరండాలో బోర్లా పడుకుని సందులోంచి చెయ్యి చాపి, "ఐ కేమ్!" అని అరిచాను. ఆయన పకపకా నవ్వి ఆ చెయ్యి అందుకున్నారు.

ఆ తరవాత ఎక్కడ ఎదురైనా ఆయనే ముందు ‘గో అండ్ కమ్’ అనేవారు. నేను ఇండియా వెళ్ళే రోజున కర్ర పట్టుకుని కారు దాకా వచ్చి మరీ అన్నారు. మరుసటి ఏడు వచ్చాను. పెట్టె కూడా విప్పకుండా, జంతికల డబ్బాతో కిందికి దిగాను. ఆయన తలుపు ముందు ఎవరివో పిల్లల చెప్పులు. బాధపడతానని, ఆయన పోయిన సంగతి అమ్మాయి ఫోన్‌లో చెప్పలేదట. దాని మీద కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ గడప ముందే నిలబడి, ఎవరూ వినకుండా ‘ఐ కేమ్’ అన్నాను. నేను మాట తప్పలేదు. కాలానికే ఆ మర్యాద తెలియదు. ఎన్నడూ ‘వెళ్ళొస్తాను’ అనదు, ఊరికే వెళ్ళిపోతుంది.