మమతక్క చెప్పిన కుక్కర్

ఖానాపూర్‌లో జాకెట్టు కుట్టించుకోవాలంటే ఆడవాళ్లు మమతారాణి ఇంటికే పోతారు. కుట్టు బాగుంటుందని కొందరు పోతారు గానీ, కబుర్ల కోసం పోయేవాళ్లే ఎక్కువ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా ఆమె గడగడా మాట్లాడగలదు. ఆ మాటలన్నీ ఇంటి సామాను గురించే. ఏ పెనం మీద జొన్నరొట్టె అంటుకోకుండా లేస్తుంది, ఏ డబ్బాలో పోస్తే కందిపప్పుకు పురుగు పట్టదు, ఏ అంగడిలో కొన్న చాట ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఇవన్నీ ఆమెకు తెలియాలి. తెలిసింది ఊరందరికీ చెప్పాలి. చెప్పకపోతే పాపం ఆమెకు కడుపు ఉబ్బుతుంది.

వేములవాడ రాజన్న దర్శనానికి పోయినవాళ్లు కోడె మొక్కు తీర్చుకుని ప్రసాదంతో తిరిగొస్తారు. ఈమె మొక్కు తీర్చుకుని, గుడి బయట దుకాణాలన్నీ గాలించి ఒక ఇత్తడి గంటె పట్టుకొచ్చింది. దాన్ని నెలరోజులు వాడి చూసి, అప్పుడు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో గొంతు విప్పింది.

“గంటె మస్తుగున్నది. పప్పుల తిప్పితే అడుగుదాంక అందుతది. గని కాడ జర పొట్టి, పెద్ద గిన్నెల మునుగుతది. చింతపండు పెట్టి రోజు తోమాలె. ఓపిక లేనోళ్లు కొనకుండ్రి.”

ఆ ఒక్క మాటతో, తర్వాత వేములవాడ పోయిన వాళ్లలో సగం మంది గంటెలతో తిరిగొచ్చారు.

మమతారాణికి ఒక్కడే తమ్ముడు, నరేశ్. మస్కట్‌లో బరువులు మోసీ మోసీ నడుం పాడు చేసుకుని ఇంటికి వచ్చాడు. మళ్లీ పోయే ఓపిక లేక, బస్టాండు దగ్గర వంట సామాను దుకాణం పెట్టాడు. ఎవరూ పేరు వినని కంపెనీ కుక్కర్లు తెచ్చి అద్దాల వెనుక వరుసగా పేర్చాడు. చూసిపోయే వాళ్లే తప్ప కొనేవాళ్లు లేరు. ఒకరోజు ఒక కుక్కర్ చంకన పెట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు.

“అక్కా, నీ గ్రూపుల ఒక్క మాట చెప్పరాదు. నీ మాటంటే అందరు ఇంటరు.”

“వాడి చూసినంక చెప్త రా.”

“నువ్వు వాడి చూసెటాల్లకు నా దుకాణానికి తాళం పడ్తది” అని నవ్వాడు నరేశ్. ఆ నవ్వు వెనుక ఉన్న దిగులు ఆమెకు కనబడింది. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే ఫోన్ తీసింది.

“మా తమ్ముని దుకాణంల కొత్త కుక్కర్లు వచ్చినయ్. అద్దం లెక్క మెరుస్తున్నయ్. మస్తు గట్టియి. పప్పు జల్ది ఉడుకుతది. కండ్లు మూసుకొని కొనుక్కోండ్రి.”

గ్రూపు నిండా దండాల బొమ్మలు, పూల బొమ్మలు వచ్చాయి. నరేశ్ కుక్కర్ అక్కడే వదిలి సంబరంగా వెళ్లాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మమతారాణి ఆ కుక్కర్లో కందిపప్పు పెట్టి, ముందు గదిలో మిషన్ తొక్కుతూ కూర్చుంది. ఇంకా విజిల్ కూడా రాలేదు. వంటింట్లో దబ్బున చప్పుడైంది. పోయి చూస్తే మూత కిటికీ దగ్గర పడి ఉంది, పప్పంతా పైన స్లాబుకు అంటుకుని బొట్లు బొట్లుగా రాలుతోంది. ముందు తాను పొయ్యి దగ్గర లేనందుకు దేవునికి దండం పెట్టుకుంది. మరుక్షణమే ఊరు గుర్తొచ్చింది. తన మాట నమ్మి కొనుక్కున్న వాళ్లు ఇప్పుడు పొయ్యి దగ్గరే ఉంటారు గదా!

నరేశ్ దుకాణం పని మీద హైదరాబాద్ పోయాడు. ఫోన్ ఎత్తలేదు. “ఎవ్వరు గా కుక్కర్ పొయ్యి మీద పెట్టకుండ్రి” అని గ్రూపులో అరిచినంత పని చేసింది. పత్తి ఏరే రోజులు. చేన్ల నుంచి వచ్చినవాళ్లు పొయ్యి వెలిగించాకే ఫోన్ చూస్తారు. అందుకని చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికింది.

పక్కింటి రోజారాణి గిన్నెలో అన్నం వండుతోంది. “నేను కొనలేదక్కా” అంది. ఎదురింటి వాళ్లూ కొనలేదు. మూల మీది ఇంట్లోనూ లేదు. అయినా మమతారాణి ఆగలేదు, ఎందుకంటే అసలు భయం ఐలవ్వ ఇంటి గురించి. ఐలవ్వ మొన్ననే జాకెట్టు తీసుకుపోతూ, తన కుక్కర్ చెడిపోయిందనీ కొత్తది కొంటాననీ చెప్పింది. ఆమె మనుమరాలు పొయ్యి దగ్గరే కూర్చుని చదువుకుంటుంది.

ఐలవ్వ వాకిట్లోకి రాగానే లోపల కుక్కర్ బుసకొడుతున్న చప్పుడు వినిపించింది. మమతారాణి దూసుకుపోయి గ్యాస్ ఆపేసి, పిల్లను రెక్క పట్టి బయటికి లాగింది.

“ఏమైంది బిడ్డా? గట్ల ఉరికొస్తివి?” అంది ఐలవ్వ బిత్తరపోయి.

“గా కుక్కర్… మా తమ్మునిది…”

“గది నా పాతదే. కొత్త రబ్బరు ఏయించిన.”

మమతారాణి గోడకు ఆనుకుని అక్కడే కూలబడింది. “మరి కొంటనంటివి గదా అవ్వా?”

“దుకాణం దాంక పోయిన. మళ్ల నీ మాట యాదికచ్చి ఎనుకకు మర్రిన. నువ్వు దేన్ని మెచ్చుకున్నా ఏదో ఒక వంక పెడ్తవు బిడ్డా. దీనికి ఒక్క వంక పెట్టకపోతివి. పాపం, తమ్ముని కోసం చెప్పవట్టె అనుకున్న.”

వెనకే వచ్చిన రోజారాణి గుమ్మంలో నిలబడి నవ్వింది. “మేమందరం గట్లనే అనుకున్నమక్కా. నీ మనసు నొచ్చుకుంటదని ఏమనలే.”

మమతారాణి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సిగ్గు కూడా వేసింది. ఊరంతా తన అబద్ధాన్ని పసిగట్టి, పైకి పూలూ దండాలూ పెట్టి కడుపులో దాచుకుంది! అయినా ఏ పిల్లా కాలలేదు, ఏ ఇల్లాలికీ దెబ్బ తగల్లేదు. గుండె మీద నుంచి బండ దించినట్టయింది. ఐలవ్వ ఇచ్చిన చాయ్ తాగి ఇంటికి మళ్లింది.

తెల్లవారి నరేశ్ బస్సు దిగి నేరుగా అక్క ఇంటికే వచ్చాడు. వంటింట్లో తలెత్తి స్లాబు చూసి తెల్లబోయాడు.

“నీకేం కాలే గదా అక్కా?”

“నాకేం కాలే. నీ తాన ఎవరన్న కొన్నరారా? జల్ది చెప్పు.”

నరేశ్ పీట మీద కూర్చున్నాడు. తర్వాత రెండు చేతులూ జోడించి కళ్లకు ఆనించుకున్నాడు.

“ఒక్కటి సుత పోలేదక్కా. ఎవ్వరు కొంటలేరని నిన్నటిదాంక నేను ఏడ్వని రోజు లేదు.”