మల్పె పడవలో తొమ్మిదో భుజం

2025 జనవరి 18, శనివారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. ఈ టైము ఇప్పుడు గుర్తు చేసుకుని రాస్తున్నది కాదు. అప్పుడే చేతి గడియారం చూసి, సంచిలో ఉన్న చిన్న డైరీలో రాసుకున్నాను. "3.40. పడవలో 14." ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మాది క్రైస్తవ కుటుంబం. సమాధుల తోట పక్క నుంచే బడికి నడిచి పెరిగిన దాన్ని. ఎవరైనా తమకేదో కనిపించిందని చెబితే, ఏ రోజు, ఎన్ని గంటలకు, నువ్వు ఎక్కడ నిలబడి ఉన్నావు అని అడిగేదాన్ని. మూడో ప్రశ్నకల్లా మాట మార్చేసేవారు. ఇప్పుడు అవే ప్రశ్నలు నన్ను అడిగితే మూడింటికీ జవాబు చెప్పగలను. అయినా ఏమీ తేలడం లేదు. నాకు విసుగు అక్కడే.

నా వయసు అరవై ఏడు. బీదర్‌లో గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్ వెనక ఉన్న ఒక పప్పు మిల్లులో ఇరవై తొమ్మిదేళ్లుగా బస్తాలు లెక్కపెడుతున్నాను. హమాలీలు బస్తా మోసుకుని లారీ ఎక్కుతుంటే, గుమ్మంలో నిలబడి ఒక్కో బస్తా మీద చెయ్యి వేసి పైకి లెక్క చెప్పాలి. మొదటి బస్తాను మేము ఒకటి అనం, లాభం అంటాం. లాభం, రెండు, మూడు. లెక్క నడుస్తున్నంతసేపూ ఎవరూ నోరు తెరవకూడదు. సేటు అయినా సరే. మధ్యలో ఎవరైనా మాట్లాడితే నేను మళ్లీ లాభం దగ్గరికి వెళతాను, ఎక్కించిన బస్తాలన్నీ మళ్లీ చూడాల్సిందే. ఈ పద్ధతి వల్లే నా లెక్క మీద గంజ్‌లో ఎవరూ వేలు పెట్టలేదు.

మిల్లులో పప్పు ఏరే ఆడవాళ్లు పదమూడు మంది. నాతో కలిపి పద్నాలుగు. రెండేళ్లకోసారి సేటు మమ్మల్ని ఏదో ఒక గుడికి పంపుతాడు. నేను గుడి బయట చెప్పుల దగ్గర కూర్చుంటాను. ఈసారి అందరూ సముద్రం చూడాలన్నారు. ఉడుపి దాకా బస్సు, మల్పె నుంచి పడవలో దీవి, తిరుగు ప్రయాణం. ఇదీ ఏర్పాటు.

ఆ పదమూడు మందిలో సుగుణమ్మ ఒకతె. బగ్దల్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. పందొమ్మిదేళ్లుగా మధ్యాహ్నం అన్నం ఇద్దరం కలిసే తింటాం. తను తెచ్చిన జొన్నరొట్టె సగం నాది, నా చారు సగం తనది. నీళ్లంటే తనకు భయం. నడుము లోతు కాలువ కూడా దాటదు. ఈ ప్రయాణానికి రానని మొండికేస్తే నేనే ఒప్పించాను. బస్సు బయలుదేరేటప్పుడు ఆమె భర్త మాణయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఎస్తేరక్కా, మా ఆమెకు నీళ్లంటే జడుపు. జర చూసుకో."

"ఫికర్ చెయ్యకు మాణయ్యా. నా లెక్కల ఉంటది."

ఆ మాట అన్నది నేనే. ఎవరూ అనమని అడగలేదు.

శనివారం మధ్యాహ్నం ఒంటి గంట పది నిమిషాలకు మల్పెలో పడవ ఎక్కాం. ఎక్కేటప్పుడు లెక్కపెట్టాను. పద్నాలుగు. దీవిలో దిగాక లెక్కపెట్టాను. పద్నాలుగు. నా భుజం నేను తట్టుకుని లాభం అని, తర్వాత ఒక్కొక్కరి భుజం తడుతూ పోయాను. బస్తాలనుకుంటున్నావా అక్కా, మేము మనుషులం అని మల్లమ్మ ఎగతాళి చేసింది. నవ్వినవాళ్లందరినీ నిలబెట్టి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అప్పటి నుంచి ఎవరూ కిక్కురుమనలేదు.

దీవి పెద్దదేమీ కాదు. కొబ్బరిచెట్లు, తెల్లటి గవ్వలు, ఎవరో కొలిచి కోసి నిలబెట్టినట్టు నల్లరాతి స్తంభాలు. ఎండ మండిపోతోంది. మూడున్నరకు రేవు దగ్గరికి రావాలని అందరికీ చెప్పాను. సుగుణమ్మ మొదట్లో నా చెయ్యి వదల్లేదు. తర్వాత రాళ్ల మీద కూర్చుని అలలు చూస్తూ కొంచెం కుదురుకుంది. మూడుంబావుకు నేను నీళ్లు తాగడానికి రేవు వైపు నడిచాను. తను వెనకే వస్తానంది.

పడవలోకి అడుగుపెడుతుంటే పడవవాడు ఒక్కొక్కరి చేతికి ఒక నారింజ రంగు జాకెట్టు ఇచ్చాడు, నీళ్లలో పడితే తేలేది. మాకు పద్నాలుగు ఇచ్చానని తర్వాత అతను చెప్పాడు. మేము కాక పడవలో ఒక కుటుంబం వాళ్లు నలుగురు ఉన్నారు. వాళ్లు ముందువైపు, పడవవాడి పక్కన. వెనకవైపు బల్లలన్నీ మావే. వాళ్లను కలిపి లెక్కపెట్టే అవకాశం లేదు. అది ముందే చెబుతున్నాను, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే.

నేను లెక్కపెట్టాను. లాభం, రెండు, మూడు. పడవ ఊగుతోంది కాబట్టి ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో భుజాలు తట్టుకుంటూ పోయాను. ముఖాలు చూడలేదు. బస్తా లెక్కపెట్టేవాళ్లు చెయ్యి చూసుకుంటారు, బస్తాను కాదు. పద్నాలుగు వచ్చింది. పడవవాణ్ని పోనిమ్మన్నాను.

నాలుగుంబావుకు మల్పె ఒడ్డు చేరాం. బస్సు ఎక్కే ముందు మళ్లీ లెక్కపెడితే పదమూడు. ఇంకోసారి పెట్టాను. పదమూడు. మూడోసారి పేర్లతో పిలిచాను. సుగుణమ్మ పలకలేదు.

పప్పు ఏరే వాళ్లలోనే ఒకతె, కమల, ఏడుపు మొదలుపెట్టింది. గట్టిగా అడిగితే చెప్పింది.

"పడవల కూసున్నంకనే చూసిన అక్కా, సుగుణక్క అవుపడలే. చెప్దామనుకునేసరికి నువ్వు లాభం అంటివి. నడుమ నోరు తెరిస్తే ఊకోవు గదా. ఆఖరికి పద్నాలుగు అన్నవు. నా కండ్లదే గల్తీ అనుకున్న."

నా లెక్క మీద ఉన్న నమ్మకంతో ఒక మనిషి తన కళ్లను తానే తోసిపుచ్చింది. ఆ అమ్మాయిని నేను ఏమని తిట్టను?

నేనూ మల్లమ్మా పడవ దగ్గరికి పరుగెత్తాం. పడవవాడు జాకెట్లు పోగు చేస్తున్నాడు. వెనకవైపు రెండో బల్ల మీద ఒక జాకెట్టు కూర్చున్నట్టుగా నిలబడి ఉంది. కింద పడి లేదు, మడతపడి లేదు. దాని మూడు కట్లూ బిగించి ఉన్నాయి. పడవవాడు అది చూసి చిరాకు పడ్డాడు. కట్లు విప్పకుండా దీన్ని ఎట్లా తీశారు, తల మీద నుంచి రాదు కదా అని కన్నడంలో అన్నాడు. ఆ ప్రశ్న నాకు అప్పుడు తలకెక్కలేదు. నా ప్రాణమంతా దీవి మీద ఉంది.

మిగిలిన జనాన్ని తీసుకురావడానికి అతను ఎట్లాగూ ఇంకోసారి వెళ్లాలి. నాలుగూ నలభైకి బయలుదేరాం. ఆ అరగంట నేను సముద్రం వైపు చూడలేదు. నీళ్లంటే భయపడే మనిషిని, చుట్టూ నీళ్లున్న చోట, ఒంటరిగా వదిలి వచ్చాను. మాణయ్యకు ఏ ముఖంతో చెప్పాలన్నది ఒక్కటే ఆలోచన. మల్లమ్మ ఏదో ఓదార్పు చెప్పబోతే నోరు మూసుకోమన్నాను.

సుగుణమ్మ నేను వదిలిన రాళ్ల మీదే కూర్చుని ఉంది. కాళ్లు చాపుకుని, కొంగు భుజాన వేసుకుని, మా మిల్లు వరండాలో కూర్చున్నంత నిమ్మళంగా. నన్ను చూసి లేవను కూడా లేవలేదు.

"ఏమక్కా, మళ్ల వచ్చినవా?"

"మళ్ల ఏంది సుగుణా? పడవ పోయిందాక ఏం చేస్తున్నవు ఈడ?"

"నువ్వే గదా కూసోమన్నవు. నీ లెక్క అయిపోయింది, ఇగ రేవుకాడికి పోకు, నాతోటి కూసో అంటివి. గిప్పటిదాక నా పక్కకే ఉన్నవు. పడవ సప్పుడు ఇనవడితే లేసి పోతివి."

ఆట పట్టిస్తోందనుకున్నాను. భుజాలు పట్టుకుని ఊపాను. మల్లమ్మ మధ్యలోకి వచ్చి, అక్క మాతో పడవలో ఉంది, ఒడ్డుకు వచ్చింది, బస్సు దగ్గర లెక్కపెట్టింది అని చెప్పింది. సుగుణమ్మ మల్లమ్మ ముఖం, నా ముఖం మార్చి మార్చి చూసింది. అప్పుడు తన కుడి చెయ్యి ఎత్తి, చిటికెన వేలు వంచి చూపించింది.

చాలా ఏళ్ల కిందట బస్తా పడి నా కుడిచేతి చిటికెన వేలు వంకరపోయింది. మళ్లీ తిన్నగా రాలేదు.

"గీ వేలు పట్టుకుని కూసున్న అక్కా. గంట సేపు. నీ చెయ్యి నాకెరక లేదా?"

తిరుగు పడవలో తను నా పక్కన కూర్చోలేదు. మల్లమ్మ పక్కన కూర్చుంది.

ఇక ఆ తర్వాత నేను చేసిన విచారణ. బస్సులో అందరినీ పడవలో కూర్చున్న వరసలోనే కూర్చోబెట్టి లెక్క మళ్లీ నడిపించాను. ఎనిమిది కమల. పది మల్లమ్మ. వాళ్లిద్దరి మధ్య ఖాళీ చోటు మిగిలింది. కట్లు బిగించిన జాకెట్టు ఉన్నది సరిగ్గా ఆ చోటే. తొమ్మిది అని నేను పైకి అన్నాను. అందరూ విన్నారు. చెయ్యి వేశాను. ఉత్త జాకెట్టు మీద చెయ్యి వేస్తే అది ఒరిగిపోవాలి. అది ఒరగలేదు. నా చేతి కింద భుజం ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు నిండు బస్తాకూ వట్టి సంచికీ తేడా చేత్తో చెప్పిన దాన్ని.

తొమ్మిదో చోట ఎవరున్నారని కమలను అడిగాను. వాంతి వచ్చేటట్టు ఉండి తల వంచుకుని కూర్చున్నానంది. పక్కన ఎవరిదో మోకాలు తగులుతూనే ఉందట. మల్లమ్మ అటువైపు తిరగనే లేదట. మాలో ఒకామె పడవలో ఫోటో తీసింది. సరిగ్గా ఆ చోట ఆమె బొటనవేలు అడ్డం వచ్చింది. మిగతా ఫోటోలో కొబ్బరిచెట్లతో సహా అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆ ఫోన్ సముద్రంలో పారేయాలనిపించింది.

జాకెట్లు రెండు ఎవరైనా తీసుకున్నారా? లేదు, పన్నెండు మందినీ అడిగాను. పడవవాడు పొరపాటున ఒకటి బల్ల మీద పెట్టాడా? లేదు, అన్నీ చేతికే ఇచ్చానన్నాడు. ఎండ దెబ్బకు సుగుణమ్మకు మతి తప్పిందా? అయి ఉండొచ్చు, కానీ తన మతి తప్పితే నా చేతి కింద భుజం ఎక్కడిది? నా చెయ్యే పొరపడిందా? పోనీ అదీ ఒప్పుకుంటాను, అప్పుడు తన చేతిలో ఉన్న వేలు ఎవరిది? ఒకదానికి జవాబు దొరికితే రెండోది మిగిలిపోతుంది. పాస్టరుగారికి చెబితే ప్రార్థన చేద్దామన్నారు. డాక్టరుకు చెబితే బీపీ చూశాడు. నా మనవరాలు, నీకు వయసైంది అవ్వా అంది. ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ డైరీ పేజీ తెరిచి చూడలేదు.

మాణయ్య భార్యను బస్సు దింపుకుని, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వారం తర్వాత సుగుణమ్మ మిల్లు మానేసింది. ఇప్పుడు హుమ్నాబాద్ వైపు ఒక ఫ్యాక్టరీకి పోతోందని విన్నాను. ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చి అయ్యాక బగ్దల్ వెళ్లాను. చాయ్ ఇచ్చింది. బాగానే మాట్లాడింది. లేచి వస్తుంటే గుమ్మం దగ్గర అడిగింది.

"ఒక్కటి చెప్పక్కా. ఆ దినం నాతోటి కూసున్నది నువ్వు కాదంటవు. మరి గిప్పుడు వచ్చింది నువ్వేనని నాకెట్ల తెల్వాలె?"

చెయ్యి చాపాను. తను పట్టుకోలేదు.

మిల్లులో సేటు మార్చి నుంచి నాతో పాటు గుమ్మానికి అవతలి పక్కన ఇంకో ఆమెను లెక్కకు పెట్టాడు. సాయంత్రం ఇద్దరి లెక్కా సరిచూస్తారు. ఇప్పటిదాకా ఒక్కసారీ తేడా రాలేదు. నేను మాత్రం ఇప్పుడు చెయ్యి వేసే ముందు ప్రతి బస్తానూ కళ్లతో చూస్తున్నాను. అందుకే లారీ నిండడానికి ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతోంది. హమాలీలు గొణుగుతున్నారు.

ఏడాది దాటింది. ఆ పడవలో నేను తట్టింది ఎవరినో, ఆ రాళ్ల మీద సుగుణమ్మ చెయ్యి పట్టుకున్నది ఎవరో నాకు తెలియదు. తెలిసిందని అబద్ధం చెప్పను.

ఆ ప్రయాణంలో పోయినవి: దీవి మీద మల్లమ్మ చెప్పుల జత ఒకటి. బస్సులో నా కళ్లజోడు పెట్టె ఒకటి. మిల్లులో పప్పు ఏరే మనిషి ఒకరు. మధ్యాహ్నం అన్నంలో సగం జొన్నరొట్టె, ఆదివారాలు తప్ప రోజూ. మనుషులు పద్నాలుగు మంది వెళ్లారు, పద్నాలుగు మంది తిరిగి వచ్చారు.