వైరుకు మెలి ఎందుకు

పోయిన ఆదివారం మా అడాజన్ ఫ్లాటుకు ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు వచ్చి, ఏళ్ళ తరబడి గోడ అంచు వెంట పాకి ఉన్న నీలిరంగు వైరును పీకేసి, దాని చోట లోపల కరెంటు బదులు వెలుతురు పారే, చీపురుపుల్లంత సన్నటి తెల్ల గాజు తీగ ఒకటి లాగి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ పాత వైరును ముక్కలుగా కోసి చెత్తబుట్టలో పడేశారు. పడేసిన వస్తువును మళ్ళీ ఏరుకునే అలవాటు మన తరానికి పుట్టుకతో వచ్చిందే కదా, జానెడు ముక్క ఒకటి తీసి గోటితో పైతొక్క ఒలిచాను. లోపల ఎనిమిది పోగులు, రెండేసి చొప్పున మెలివేసుకున్న నాలుగు జంటలు, జంటకో రంగు, ఆ రంగులు చూడగానే ఇరవై ఏళ్ళ నాటి కోపమంతా మళ్ళీ నెత్తికెక్కింది.

నేను కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివింది ఈ సూరత్‌లోనే. అప్పట్లో సలాబత్‌పురా వెనక ఒక గల్లీలో ఉండేవాళ్ళం. మా బాపు కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చి, సాంచాలని మేం పిలిచే ఆ మగ్గాల మోతలో పదిహేనేళ్ళు నిలబడి, చెవులు మందగిస్తున్నాయని తెలిశాక దగ్గర్లోని కిమ్ అనే ఊళ్ళో దారానికి మెలివేసే కార్ఖానాకు మారాడు. అక్కడ మోత తక్కువని కాదు, కాస్త వేరే రకం మోత, అంతే. రోజూ రైల్లో పోయి వచ్చేవాడు. అమ్మ ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. నా చదువు తెలుగు బడిలో మొదలై, గుజరాతీ బడికి మారి, చివరికి కాలేజీలో ఇంగ్లీషు పుస్తకాల ముందు కూలబడింది. ఏ భాషలోనైనా సరే, ఒక సంగతి ఎందుకో ఏమిటో చెప్తే నాకు బుర్రకెక్కేది, చెప్పకపోతే ఒక్క ముక్క ఎక్కేది కాదు.

ఆ చెప్పకపోవడమే మా నెట్‌వర్క్స్ పాఠం. మా సారు అంచులు చిరిగిన నోట్సు తెచ్చి ఏడు పొరల పేర్లు చదువుకుంటూ పోయేవారు, మేం రాసుకుంటూ పోయేవాళ్ళం. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో ఆ ఏడు పొరలే చెప్తాయట. ఆ పొరలు ఎవరు పెట్టారు, ఏడే ఎందుకు, ఎనిమిదైతే ఏం కొంప మునుగుతుంది అని అడిగిన పాపానికి నన్ను నిలబెట్టి, ఆ బధుం పరీక్షామా నథీ ఆవతుం, అంటే అదంతా పరీక్షలో రాదు, కూర్చో అనేవారు. ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్కలేదు. గోడకు చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వనైనా వచ్చేది. లేబొరేటరీలో సామాన్లన్నీ బీరువాలో ఉండేవి, బీరువాకు తాళం ఉండేది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ చదువు ముగిసేదాకా నాకు తెలియలేదు.

రాతపరీక్ష బట్టీపట్టి గట్టెక్కాను. ప్రాక్టికల్‌లో మాత్రం తప్పాను, ఒకసారి కాదు రెండుసార్లు. వైరు రెండు కొసలా ఎనిమిది పోగులను వరసగా పేర్చి, ప్లాస్టిక్ కనెక్టర్‌లో బిగించి, రెండు కంప్యూటర్లను కలపాలి. ఇంతే పరీక్ష. మొదటిసారి పైతొక్క ఒలుస్తుంటే దానితోపాటు పోగులూ తెగాయి, అది నా ఖర్మ. రెండోసారి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సారు రాయించిన రంగుల వరసలో నారింజ జంట పక్కపక్కనే ఉంది, బాగానే ఉంది. ఆకుపచ్చ జంట దగ్గరికి వచ్చేసరికి ఆ రెండు పోగులనూ విడదీసి, మధ్యలో నీలం జంటను దూర్చారు. మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్లను నేను. జంట పోగును విడదీసి మధ్యలో ఇంకో రంగు పెడితే బట్ట పాడైందంటారు మా వాళ్ళు. సారు నోట్సులో తప్పులకు కొదవేమీ లేదు కాబట్టి ఇదీ ఒక తప్పేననుకుని, పెద్ద తెలివిగలదానిలా దిద్దేశాను. రెండు కొసలా ఏ జంటను ఆ జంటగా పేర్చి బిగించాను. టెస్టర్‌కు తగిలిస్తే ఎనిమిది దీపాలూ ఒకటి తర్వాత ఒకటి చక్కగా వెలిగాయి. నా ముఖమూ వెలిగింది. తీరా ఆ పొడవాటి వైరుతో గది ఈ చివర కంప్యూటర్‌ను ఆ చివర దానితో కలిపితే, ఫైలు సగం దూరం వెళ్ళి మొరాయించింది. పరీక్ష చేయడానికి వచ్చినాయన కనెక్టర్ వంక ఒకసారి చూసి, రంగులు తప్పు అని సున్నా చుట్టాడు. రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి కదా, దీపాలు వెలిగాయి కదా, మరి తప్పేమిటని నెత్తీనోరూ కొట్టుకున్నాను. నోట్సులో ఉన్నట్టు పెట్టు అన్నాడే తప్ప ఎందుకో చెప్పలేదు. ఆయనకూ తెలియదని నాకిప్పుడు గట్టి అనుమానం.

మూడోసారి కూడా పోతే పై ఏడాదికి పంపరు. అప్పటికే బాపు తన మాట చెప్పేశాడు.

“జూడు బిడ్డా, గీసారి గూడ గట్లనే అయితే ఇగ సాలు. మా సేఠ్ కాడ దారం కోన్లకు చిట్టీలు అంటించే పనున్నది, అండ్ల జేరు.”

కోపంగా అనలేదు, అదే నన్ను మరీ భయపెట్టింది. వైరు ముక్కలు తెచ్చుకుని ఇంట్లోనే సాధన మొదలుపెట్టాను. వరస నోరు తిరిగేదాకా వల్లించినా, ఆకుపచ్చ దగ్గరికి రాగానే నా వేళ్ళు మళ్ళీ జంటనే వెతుక్కునేవి. బాపుకు సెలవైన ఒక రోజు నా ఎదురుగా కూర్చుని, నేను కోసి పారేసిన ముక్కలు ఒక్కొక్కటే విప్పి, వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

“ఒక్కో జంటకు మెలి ఒక్కో తీరుగున్నది. గిది దగ్గర మెలి, గిది దూరం మెలి. ఉత్తగ ఎవలు మెలెయ్యరు బిడ్డా. దానికి మిషిన్ నడవాలె, కరెంటు గావాలె, మనిషి గావాలె. గిది ఎందుకేసిండ్రో మీ సారునడుగు.”

నేను విసుక్కున్నాను. మెలి సంగతి నాకెందుకు, నా గొడవ రంగులతో కదా. అయినా ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. సారును అడిగే ఓపిక లేక మర్నాడు లైబ్రరీలో అందరూ బరువని ముట్టుకోని ఒక పుస్తకం తీసి, వెనక సూచికలో మెలి అన్న మాట కోసం వెతికాను. రెండు పేజీలు, చిన్న బొమ్మ. జంటలో ఒక పోగు మీద ఒక సంకేతం, రెండో పోగు మీద దానికి తలకిందులైన సంకేతం వెళ్తాయట. పోగులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటే బయటి రొద రెండింటి మీదా సమానంగా పడుతుంది, అవతల కొసలో ఒకదానిలోంచి ఇంకొకటి తీసేస్తే రొద పోయి మాట మిగులుతుంది. కనెక్టర్‌లోని ఎనిమిది గాళ్ళలో ఒకటీ రెండూ కాక కంప్యూటర్ జంటగా వాడుకునేది మూడో గాడినీ ఆరో గాడినీ. ఆ రెంటిలోనూ ఒకే మెలిలోని పోగులు ఉండాలి కాబట్టే ఆకుపచ్చను అలా విడదీశారు. నేను చూడడానికి జంట కలిపి, అసలు జంటను విడగొట్టాను. ఆ బల్ల దగ్గర నాకు సంతోషం కంటే ముందు ఏడుపే వచ్చింది. రెండు పేజీల సంగతి, ఎవరైనా ఒక్కరు చెప్పి ఉండకూడదా?

మూడోసారి ప్యాసయ్యాను. మెలి సంగతి చెప్పబోతే ఆ పరీక్షకుడు బస్ బస్, ఇక చాలని మార్కులు వేసి పంపేశాడు. ఇంటికి వచ్చేసరికి బాపు కిమ్ రైలుకు తయారవుతున్నాడు. ప్యాసైన మాట విని తలూపి, చెప్పులు వేసుకుంటూ అడిగాడు.

“మరి మెలి ఎందుకో చెప్పిండ్రా మీ సారు?”

“గదంత నీకు సమజ్ గాదు బాపూ,” అన్నాను.

అన్నది నేనే. రెండేళ్ళపాటు చెప్పరేమని అందరినీ తిట్టుకున్న మనిషినే. బాపు మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు నేను అదే పాఠం చెప్పే ఉద్యోగంలో ఉన్నాను. వైరు విప్పి చూపించి ఎందుకురా ఈ మెలి అని నేనే అడుగుతాను. పిల్లలు ఫోన్లోంచి తలెత్తి, మేడమ్, పరీక్షలో వస్తుందా అంటారు. మన రోజుల్లో అడిగితే చెప్పేవాళ్ళు లేరు, ఇప్పుడు చెప్తానంటే అడిగేవాళ్ళు లేరు. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియడం లేదు.

ఆదివారం ఆ నీలి ముక్కనూ, వాళ్ళు కోసి వదిలేసిన కొత్త తీగ ముక్కనూ పట్టుకుని బాపు గదిలోకి వెళ్ళాను. చెవులు ఇప్పుడు పూర్తిగా పోయాయి, అరిచి గీపెట్టినా వినపడదు. అందుకని కాగితం మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో, ఆ రెండు పేజీల సంగతీ రాసి ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. చెవుడున్నవాళ్ళకు ఉండే పెద్ద గొంతుతో అన్నాడు.

“గప్పుడు నీకు గూడ తెల్వదనుకున్న బిడ్డా. సిగ్గువడుతున్నవని మల్ల అడగలే.”

కాగితం పక్కన పెట్టి, నేను బల్ల మీద ఉంచిన కొత్త తెల్ల తీగ ముక్కను తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అటూ ఇటూ దొర్లించి చూశాడు.

“దీంట్ల మెలి లేదేంది?”

కుర్చీ దగ్గరికి లాక్కుని ఇంకో కాగితం తీసుకున్నాను.