రాళ్ళ కాక కేసు, నా లా పాయింట్లు

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, మాస్కు లేకుండా లిఫ్టు ఎక్కితే వాచ్‌మన్ వెంటపడే రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో లేదని గట్టి నమ్మకం ఉండేది. షార్జాలో, అల్ నహ్దాలో ఒక టైపింగ్ సెంటర్లో పని. వీసా ఫారాలూ కరెంటు దరఖాస్తులూ నింపడమే ఉద్యోగమైనా, నెల్లూరులో లా మొదటి సంవత్సరం చదివి (చదివి అంటే, కాలేజీకి వెళ్ళి) విమానమెక్కినవాణ్ణి కాబట్టి మా గదిలో ఏడుగురికీ నేనే హైకోర్టు. అందరూ నన్ను 'లాపాయింటు' అని పిలిచేవారు. అది గౌరవమే అనుకున్నాను.

శుక్రవారం బిర్యానీ తిన్నాక వాళ్ళు పడుకోబోతుంటే నేను ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. అమెరికాలో సర్క్యూట్ కోర్టులని ఉంటాయి, ఒకప్పుడు జడ్జీలు గుర్రాలెక్కి ఊరూరా తిరుగుతూ తీర్పులు చెప్పేవారు, అలా తిరిగి వచ్చే దారి పేరే ఆ కోర్టులకు మిగిలిపోయింది. కొన్ని రాష్ట్రాల్లో సర్క్యూట్ కోర్టులోనే కేసు మొదలవుతుంది, కేంద్రం వాళ్ళ సర్క్యూట్ కోర్టు మాత్రం అప్పీళ్ళు వింటుంది, దేని నిచ్చెన దానిదే. ఇలా సాగేది నా ధోరణి. మా గదిలో పెద్దవాడైన నెల్లూరు మామ ఎముక చప్పరిస్తూ, "అదంతా సరే గానీ అబ్బయా, ఏసీ రిమోటు ఎవరి కాడ ఉండాలో ముందు ఆ తీర్పు చెప్పు" అనేవాడు. (ఆ వ్యాజ్యం నేను ఆ గది ఖాళీ చేసేదాకా తేలలేదు.)

అలాంటి నన్ను వెతుక్కుంటూ ఒకరోజు రాళ్ళ కాక వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. షార్జా పక్క ఎమిరేట్ అయిన రాస్ అల్ ఖైమా కొండల్లో, రాళ్ళ క్వారీలో ఏళ్ళ తరబడి పనిచేశాడు కాబట్టి ఆ పేరు. ఆయనకు జ్వరమొస్తే కరోనా అని తేల్చి అంబులెన్సులో క్వారంటైన్‌కు తీసుకెళ్ళారట. ఆ వారంలోనే క్యాంపులో సూపర్‌వైజర్ మారాడు. కొత్తాయన హాజరు పిలిచాడు, మనిషి పలకలేదు, పారిపోయాడని సర్కారుకు ఫిర్యాదు రాసిపారేశారు. కోలుకుని తిరిగొచ్చేసరికి కాక కాగితాల మీద పరారీలో ఉన్నాడు! ఖోర్ ఫక్కాన్ ఓడరేవులో ఆయనకు కొత్త ఉద్యోగం సిద్ధంగా ఉంది, వాళ్ళు నెలాఖరు దాకా ఆగుతామన్నారు. ఈ ఫిర్యాదు కొట్టేస్తే సరి, లేకపోతే వీసా రాదు, ఇంటికి పంపేస్తారు.

"జరమొచ్చి పండుకున్న గని పారిపోలే కొడుకా. ఎవలకు జెప్పినా ఇంటలేరు. గీ నెల దాటితే నా నౌకరీ ఖలాస్" అన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడ్డ కాగితాలు.

"యల్లా కాకా, పద, నేనున్నాను" అన్నాను. నా తర్కం చూడండి: ఖోర్ ఫక్కాన్ షార్జా కిందికి వస్తుంది, కొత్త ఉద్యోగం అక్కడ, కాబట్టి షార్జా కోర్టుకే వెళ్ళాలి. ఒకవేళ పొరపాటైనా ఏం పోయింది, మన దేశంలో కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఒకటే నిచ్చెన కదా, ఇక్కడా అంతే, ఏ మెట్టు మీద పెట్టినా కాగితం చేరాల్సిన చోటికి చేరుతుంది. పాపం కాక నన్ను నమ్మి వ్యాను మారి వ్యాను ఎక్కి వచ్చాడు. మొదటిరోజు టోకెన్ అందలేదు. రెండోరోజు కాగితం తక్కువైంది. మూడోరోజు కౌంటరు దాకా చేరాం.

కౌంటర్లో అబాయా వేసుకున్న ఒక ఎమిరాతీ అమ్మాయి. మా ముఖాలు చూసి హిందీలోనే అడిగింది, కంపెనీ ఎక్కడని. చెప్పాను. "రాస్ అల్ ఖైమా కంపెనీ అయితే ఇక్కడికెందుకొచ్చారు?" అంది. నేను లా పాయింట్లు మొదలుపెట్టాను. ఆమె ఓపిగ్గా అంతా విని, తెల్లకాగితం తీసి రెండు నిచ్చెనలు గీసింది. షార్జా, అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ కువైన్ ఇదిగో ఈ ఫెడరల్ నిచ్చెన. రాస్ అల్ ఖైమాకు దుబాయ్, అబుదాబిల్లాగా సొంత కోర్టులు, సొంత నిచ్చెన. ఇందులోంచి అందులోకి కాగితం దూకదు. అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా! "అవును మేడమ్, అమెరికాలో కూడా అచ్చం ఇంతే" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. అమెరికా సంగతి తెలుసు గానీ, ఉంటున్న చోటి సంగతి తెలియదా అని హిందీలోనే అడిగింది: "అచ్ఛా! అమెరికా కా మాలూమ్ హై, జహాఁ రహతే హో వహాఁ కా నహీఁ?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కాకకు మాత్రం నవ్వు రాలేదు, వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ అమ్మాయి తన పని కాకపోయినా రాస్ అల్ ఖైమా కోర్టుకు ఫోన్ చేసి, మంగళవారం సంచార కోర్టు బస్సు కాక ఉండే క్యాంపుకే వస్తుందని కనుక్కుని, కాగితాలు ఎలా పంపాలో రాసిచ్చింది. ఒక్క కసురుమాట లేదు. అందుకే మరీ సిగ్గేసింది నాకు.

మంగళవారం నెల్లూరు మామ దగ్గర కోటు అడిగి వేసుకుని, నాలుగు పేజీల వాదన రాసుకుని క్యాంపుకు వెళ్ళాను. బస్సు ఆగీ ఆగగానే టీకాల బస్సనుకుని పదిమంది చొక్కా చేతులు మడిచి వరసగా నిలబడ్డారు. లోపల మేజా, జెండా, రెండు స్క్రీన్లు, నెరసిన గడ్డం జడ్జిగారు, పక్కన హిందీలో చెప్పే దుబాసీ. గుర్రం లేదన్న మాటే గానీ నేను గదిలో ఊదరగొట్టిన సర్క్యూట్ కోర్టు సాక్షాత్తూ కళ్ళముందుంది. నేను గొంతు సవరించుకున్నాను. జడ్జిగారు నా కోటు వైపు చూసి, వకీలువా అని అడిగించారు. కాదు. సాక్షివా? కాదు. మరి? కాక అందుకుని, "మేరా బేటా జైసా సాబ్" అన్నాడు.

"కొడుకులాంటివాడైతే పక్కన కూర్చోమను" అన్నారు జడ్జిగారు. కూర్చున్నాను. నాలుగు పేజీలూ జేబులోనే ఉండిపోయాయి.

హాజరు పలకని ఆ రోజుల్లో ఎక్కడున్నావని కాకనే అడిగారు. కాక ప్లాస్టిక్ కవర్లోంచి క్వారంటైన్ కాగితం తీసి మేజా మీద పెట్టాడు. జడ్జిగారు తేదీలు తానే వేలితో సరిపోల్చుకున్నారు. స్క్రీన్ మీద కంపెనీ ముదీర్‌ను, అంటే మేనేజర్‌ను, అడిగితే, కొత్త మనిషి తెలియక చేశాడని ఆయనే ఒప్పుకున్నాడు. ఫిర్యాదు చెల్లదన్నారు. టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. కాక లేవబోతుంటే జడ్జిగారు ఆపి ఇంకో మాట అడిగించారు: "ఇప్పుడు ఊపిరి బాగా ఆడుతోందా?" కాక తల ఊపాడు. ఒక మనిషి మాట వినడానికి కోర్టే లేచి రాళ్ళ గుట్టల దాకా రావడం ఎంత గొప్ప సంగతో ఏ పుస్తకమూ నాకు అంత బాగా చెప్పలేదు.

బయటికి రాగానే కాక ఊళ్ళో భార్యకు ఫోన్ కలిపాడు. "కేసు ఖలాసే! ఖోర్ ఫక్కాన్ పోతున్న. మన పిలగాడున్నడు గదా, జడ్జిని బస్సుల ఎక్కించుకొని మా క్యాంపు కాడికే తోలుకొచ్చిండు!" అని, ఫోన్ నా చేతిలో పెట్టాడు. అటునుంచి, "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అని ఏడుపు గొంతు. అమ్మా, తెచ్చింది నేను కాదు, పైగా మీ ఆయన్ని మూడు రోజులు తప్పు కోర్టు చుట్టూ తిప్పాను అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ కోటు వేసుకున్న ఆ కుర్రాడు అన్నది వేరు. ఇన్నాళ్ళయినా గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి, నవ్వూ వస్తుంది.

"ఏదోలే అమ్మా," అన్నాడు వాడు, "నా చేతనైంది చేశాను."