రెండిళ్ల పథ్యం

నెల చివరి వారం వచ్చిందంటే నాకు దిగులు మొదలయ్యేది. మా అత్త ఒక నెల నంద్యాలలో మా దగ్గర, ఒక నెల ఆళ్లగడ్డలో మా బావ దగ్గర ఉండేది. మామ పోయాక కొడుకులిద్దరూ కూర్చుని పెట్టుకున్న వంతు అది. వంతుతో నాకేం పేచీ లేదు. తంటా అంతా ఆమె కంచంతోనే వచ్చింది.

ఆమెకు షుగరు. 1990ల చివర్లో ఒకసారి ఛాతీలో నొప్పి కూడా వచ్చింది. నంద్యాలలో మేం చూపించిన డాక్టరు నూనె బాగా తగ్గించమన్నాడు. నెయ్యి, కొబ్బరి, గుడ్డులో పచ్చసొన మానేయాలి, మాంసం పండక్కో పబ్బానికో ఒక ముక్క. అన్నం మాత్రం కొలతగా తినొచ్చన్నాడు. మా ఆయన బడిపంతులు. డాక్టరు ఒకటి చెబితే ఈయన దానికి నాలుగు కలిపి ఇంట్లో అమలు చేసేవాడు. నేను పోపు వేస్తుంటే వెనక వచ్చి నిలబడి గరిటె వైపే చూసేవాడు. నూనె లేని ఉగ్గాని ఉగ్గాని కాదు, తడిపిన బొరుగులు. అయినా అదే చేశాను, అందరం అదే తిన్నాం.

కొన్నేళ్లకు మా బావకూ షుగరు బయటపడింది. ఆయనకు ఆళ్లగడ్డలో ఎరువుల అంగడి. బెంగళూరులో ఎవరో డాక్టరు దగ్గరికి పోయొచ్చి అన్నం, సంగటి, రొట్టె అన్నీ మానేశాడు. గుడ్లు, మాంసం, చెనిక్కాయలు, నూనెలో మగ్గబెట్టిన ఆకుకూరలు, అంతే ఆయన తిండి. పొట్ట తగ్గింది, ప్యాంటు వదులైంది, మనిషికి నమ్మకం ముదిరింది. యూరియా కోసం వచ్చిన రైతును కూడా కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. వరి పండించే వాళ్లకు వరన్నం తినొద్దని చెప్పడం ఆయనకే చెల్లింది.

"అన్నమే విషమప్పా, నూనె కాదు," అనేవాడు ఫోన్లో మా ఆయనతో. "బొరుగులు పెట్టి పెట్టి అమ్మను చంపుతాండారు మీరు."

"గుండెనొప్పి వచ్చిన మనిషికి దినామూ మాంసం పెడతాండావు. రేపు ఏమన్నా అయితే ఎవురు జవాబు చెప్పేదన్నా?" అని ఈయన అరిచేవాడు.

ఎవరిది నిజమో నాకు తెలియదు. ఇద్దరూ డాక్టర్ల మాటే చెబుతున్నారు. నాకు తెలిసిందల్లా భయం. అన్నం పెడితే షుగరు పెరుగుతుందేమోనని, కూరలో నూనె తేలితే గుండెకు పడుతుందేమోనని. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే పక్కన నిలబడి నేను ముద్దలు లెక్కపెట్టేదాన్ని. ఆమె మాత్రం ఇక్కడ పెట్టింది ఇక్కడ, అక్కడ పెట్టింది అక్కడ తిని ఊరుకునేది. ఏం తినాలనుందత్తా అని అడిగితే, "మీరేది పెడితే అదేమ్మా," అనేది.

అంతటితో ఆగినా బాగుండేది. వంతు మారే రోజున షుగరు పరీక్ష చేయించడం మొదలుపెట్టారు అన్నదమ్ములు. నంద్యాలలో బస్సు దిగగానే మా ఆయన పరగడుపునే ఆమెను ల్యాబుకు తీసుకుపోయేవాడు. ఆళ్లగడ్డలో బావదీ అదే పని. మీ ఇంట్లో నెల ఉంటే ఇట్లా అయింది చూడు అని ఒకరికొకరు చూపించుకోవడానికి. తీరా చూస్తే ప్రతిసారీ బాగానే వచ్చేది. కన్నతల్లికి షుగరు అదుపులో ఉందని తెలిసి మొహం ముడుచుకున్న కొడుకును నేను కళ్లారా చూశాను.

ఆమె భక్తి గల మనిషి. వంతు మారే ముందు రెండు రోజులు ఉపవాస ప్రార్థనలో ఉండేది. నీళ్లు, సాయంత్రం ఒక గ్లాసు మజ్జిగ. కొడుకులు కలిసుండాలని ప్రార్థన చేస్తోందనుకునేదాన్ని. ప్రార్థన వద్దని చెప్పడానికి నోరు రాలేదు. మాత్రలు మాత్రం మానేది కాదు, డాక్టరు మానొద్దన్నాడని.

ఒక ఎండాకాలం మా ఆయనకు పరీక్షల డ్యూటీ పడి, బస్టాండుకు నేను పోవాల్సి వచ్చింది. ఆళ్లగడ్డ బస్సు ఎంతకీ రాలేదు. వచ్చాక చూస్తే మా బావ ఆమెను దాదాపు మోసుకుని దించుతున్నాడు. రవిక తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతులు వణుకుతున్నాయి.

"ఎవురమ్మా నువ్వు?" అంది నన్ను చూసి.

నేను పోయి రెండో పక్క ఆమెను పట్టుకున్నాను.

"దావలోనే చెమట్లు పట్టినాయమ్మా. గుండేనేమో," అన్నాడు బావ. ఎన్నడూ తగ్గని మనిషి గొంతు పీలగా ఉంది. "నేను పెట్టిన తిండి వల్లేనంటావా?"

నాకూ అదే అనిపించింది. ఆటోలో ఆమె తల నా భుజానికి ఆనించుకుని, దేవా ఈమెను బతికించు, జన్మలో నూనె డబ్బా ముట్టను అని మొక్కుకున్నాను. భయంలో మనిషి ఏదైనా మొక్కుతుంది.

దగ్గర్లోని ఆసుపత్రిలో డాక్టరమ్మ వేలు గుచ్చి చూసి, వెంటనే గ్లూకోజు ఎక్కించమంది.

"గుండె కాదు. షుగరు బాగా పడిపోయింది. పొద్దున ఏం తినింది?"

"పరీక్ష ఉండాదని ఏమీ తినల్యా మేడం. మాత్ర ఏసుకుంది," అన్నాడు బావ.

"నిన్న?"

"ఉపవాసం. రెండు దినాల్నుంచి. మా ఇంటి నుంచి వచ్చే ముందు ఎప్పుడూ అంతే."

నేను ఆయన వైపు తిరిగాను. "మా ఇంటి నుంచి పోయే ముందు కూడా అంతే బావా."

డాక్టరమ్మ గట్టిగానే తిట్టింది. తిండి మానేసి ఈ మాత్ర వేసుకుంటే ప్రాణం పోతుందని, ఇంటింటికీ తిండి మారుస్తున్నప్పుడు మాత్ర సంగతి అడగాలని తెలియదా అంది. తలలు వంచుకుని విన్నాం. అన్నం మంచిదా నూనె మంచిదా అని మాలో ఎవరికీ అడగాలనిపించలేదు.

కాసేపటికి ఆమె కళ్లు తెరిచింది. ఈసారి నన్ను గుర్తుపట్టింది.

"షుగరు చూసినారామ్మా? ఎట్లుండాది?"

"తక్కువుందత్తా. బాగా తక్కువ."

ఆమె మొహం తేటపడింది. సూది లేని చేత్తో నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. మంచం పక్కనే ఉన్న పెద్దకొడుక్కు వినపడకూడదని గొంతు తగ్గించింది గానీ, ఆయనకు వినపడింది.

"అట్లయితే నీ మొగునికి చెప్పు. పెద్దోడు నన్ను బాగా చూసుకున్యాడని. వాన్ని ఏమీ అనాకండి."